అప్పలసూరి పది వేళ్ళు

లాకప్పు ఊచల ముందు భార్గవికి ఇచ్చిన టైము పది నిమిషాలు. అందులో రెండు నిమిషాలు యోబు దగ్గుకే సరిపోయాయి.

గోడ గడియారం ఒంటిగంట పది చూపిస్తోంది. నాలుగింటికి యోబుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత రిమాండు. రేపు గురువారం, డయాలసిస్ రోజు. ఉద్దానంలో సగం ఇళ్ళకి తెలిసిన కిడ్నీ జబ్బే అతనిదీను. సోమవారం, గురువారం మంచమెక్కి నాలుగు గంటలు రక్తం కడిగించుకుంటేనే మనిషి లేచి తిరుగుతాడు. ఒక్క విడత తప్పితే కాళ్ళు పొంగుతాయి. రెండు విడతలు తప్పితే పాస్టరు గారికి కబురు చెయ్యాల్సిందేనని అతని భార్య దోర్కాస్ నిన్న విశాఖలో భార్గవి ఆఫీసుకొచ్చి మరీ చెప్పింది. కన్నీళ్ళు పెట్టుకోకుండా చెప్పింది. అందుకే భార్గవి కాదనలేకపోయింది.

కేసు చూడ్డానికి చిన్నదే. పలాస ఊరి చివర జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పుని వేడిగాలికి ఆరబెట్టే పెద్ద రేకు గదిని బోర్మా అంటారు. పప్పు ట్రేలు పేర్చిన ట్రాలీ మోటారు సాయంతో పట్టాల మీద ఆ గదిలోకి నత్తనడకన పోవాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండూ ముప్పై రెండుకి అది నడవలేదు, దూకింది. లోపల వెనక గోడ దగ్గర నిలబడ్డ మేస్త్రీ అప్పలసూరిని గోడకేసి నొక్కేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ఆ మోటారుకి రివైండింగ్ చేసింది యోబు. దాన్ని నడిపే సర్వో యాంప్లిఫయర్ పెట్టెకి వైరింగు చేసిందీ యోబే. సీఐ యుగంధర్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

"యోబన్నా, ఏడవడానికి తర్వాత టైముంటుంది. శనివారం ఏం చేశావో వరసగా చెప్పు. ఒక్క స్క్రూ కూడా వదలకు" అంది భార్గవి. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఆమె పన్నెండేళ్ళు ఆటోనగర్‌లో ప్యానెల్ వైరింగు చేసిన మనిషి. ఆమెకి స్క్రూలంటే గౌరవం.

యోబు ఊచలు పట్టుకుని లేచాడు. "ముందుగాల బెల్టు తీసీసినానమ్మా."

"ఎందుకు?"

"కొత్త పెట్టె గదమ్మా. మోటారు ఎటు తిరుగుతాదో మనకేటి తెలుసు? బెల్టు ఉంటే ట్రాలీని ఈడ్సుకు పోద్ది. నేకపోతే ఉత్తినే తిరుగుతాది, ఎవులికీ ఏటీ కాదు. నాకు పని నేర్పినోడు సెప్పిన మొదటి మాట అదే. తరవాత కరెంటు ఎంత పారాలో సూసే మరని అడుక్కంటా తిప్పీసినాను. మోటారుకి రెండు తీగలు, టాకోకి రెండు తీగలు, పుస్తకంలో బొమ్మ ఎలాగుంటే అలాగే బిగించినాను. పార్థన సేసుకుని ఒక్క సెకను స్విచ్చి నొక్కినాను."

టాకో అంటే మోటారు తోకకి తగిలించిన చిన్న జనరేటరు. మోటారు ఎంత జోరుగా తిరుగుతోందో యాంప్లిఫయర్‌కి చెప్పేది అదే. ఆ మాట విని పెట్టె మోటారుని అదుపులో ఉంచుతుంది.

"నొక్కితే?"

"కుయ్యోమని అరిసి ఉరికీసింది! నా రివైండింగులో సుట్టు తిరగబడినాదన్నమాట. టాకో ముక్కుతాడు నాంటిదమ్మా. తాడు లాగితే ఎద్దు ఆగాల. ఆ రెండు తీగలూ తారుమారైతే, లాగిన కొద్దీ ఎద్దు ఉరుకుతాది. ఎంటనే ఆపీసినాను. టాకో తీగలు అటుదిటు, ఇటుదటు మార్సినాను. నీలం తీగ అందకపోతే పొడుగుది కోసి ఏసినాను. పసుపుది ఎక్కువైతే కత్తిరించినాను. మల్లీ నొక్కితే బంగారం నాగ తిరిగింది. అప్పుడే బెల్టు ఎక్కించినాను."

"నువ్వు తీగలు మార్చడం ఎవరైనా చూశారా?"

"మేనేజరు కామేశ్ బాబు పక్కనే ఉన్నారు. పుస్తకం పట్టుకున్నది ఆరే. ఎందుకు మార్సినావని అడిగితే, ఎద్దూ ముక్కుతాడూ ఆరికీ సెప్పినాను."

వెనకనించి చప్పట్లు వినిపించాయి. యుగంధర్ గుమ్మానికి ఆనుకుని నవ్వుతున్నాడు. టెక్కలి నగల దొంగతనంలో భార్గవి అతను పట్టుకున్నవాణ్ణి విడిపించి అసలు దొంగని చూపించిన నాటినించి, ఆమె కనిపిస్తే అతనికి ఇలాంటి నవ్వే వస్తుంది.

"కథ బావుంది మేడమ్ గారూ. కామేశ్ శనివారం ప్యానెల్ రూము గుమ్మం కూడా తొక్కలేదని స్టేట్‌మెంటు ఇచ్చాడు. మీ టైము అయిపోయింది. మూడున్నరకి జీపు బయల్దేరుతుంది."

యోబు ఊచల్లోంచి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అప్పుడే కాస్త ఉబ్బి ఉంది. భార్గవికి దాన్ని చూస్తే భయమేసింది. గబగబా బయటికొచ్చేసింది.

*

రెండూ అయిదుకి ఆమె ఫ్యాక్టరీలో ఉంది. కామేశ్ యజమాని అల్లుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, అడిగినదానికల్లా వినయంగా జవాబు.

"సోమవారం పన్నెండింటికి మీరెక్కడున్నారు?"

"టెక్కలిలో మేడమ్. తిరిగొచ్చేసరికి ఒంటిగంట."

"ఎవరితో వెళ్ళారు?"

"ఒక్కణ్ణే. బండి మీద."

"ప్యానెల్ రూము తాళాలు?"

"రెండు. ఒకటి యోబు దగ్గర, ఒకటి నా డ్రాయరులో. డ్రాయరుకి తాళం వెయ్యం. ఎవరైనా తీసుకోవచ్చు." అడగకుండానే ఆ చివరి మాట కలిపాడు.

"ఇప్పుడు మెషీనుకి కరెంటు ఉందా?"

"లేదు. సీఐ గారు ఫ్యూజులు తీయించి నా దగ్గరే ఉంచమన్నారు."

భార్గవికి ఒళ్ళు మండింది. సాక్ష్యాన్ని ఎక్కడ దాచాలో కూడా తెలియని పోలీసు ఉద్యోగం ఎందుకు? పైకి మాత్రం, "యాంప్లిఫయర్ పుస్తకం ఒకసారి చూడాలి" అంది. కామేశ్ దానికోసం ఆఫీసు గదికి వెళ్ళాడు. వెళ్ళి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది.

ఆ ఆరు నిమిషాల్లో ఆమె ప్యానెల్ తలుపు తీసి చూసింది. యోబు చేతి పని చూడగానే తెలిసిపోయింది. తీగలన్నీ దువ్వి జడేసినట్టు ఒక్క వరసలో ఉన్నాయి, అంగుళం ఎక్కువా లేదు, అంగుళం తక్కువా లేదు. టాకో తీగలు రెండే ఆ వరస తప్పాయి. పసుపుది బట్టలారేసే తాడులా బిగుసుకుపోయి ఉంది. నీలంది ఎక్కువైపోయి కిందికి వేలాడుతోంది. చేతిలో పొడుగు తీగ ఉంటే దగ్గర స్క్రూకి, పొట్టి తీగ ఉంటే దూరం స్క్రూకి బిగించే పనివాడు భూమ్మీద ఉండడు. తర్వాత ఆమె బోర్మా గుమ్మం పక్కనున్న మోటారు దగ్గరికి వెళ్ళి, దాని రేకు మూత కూడా ఎత్తింది. కామేశ్ పుస్తకంతో తిరిగొచ్చేసరికి మూత యథాస్థానంలో ఉంది, ఆమె అరచేతుల నలుపు రుమాలుతో తుడుచుకుంటోంది.

కామేశ్ వెనకే యుగంధర్ వచ్చాడు. పుస్తకం లాక్కుని బొమ్మ పేజీ తెరిచి, ప్యానెల్ పక్కన పట్టుకున్నాడు.

"మీరే చూడండి. నీలం ఇక్కడ, పసుపు అక్కడ. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఎవరూ వేలు పెట్టలేదు. తిరగబడింది రివైండింగు. అది చేసింది యోబు."

"బొమ్మలో ఉన్నట్టే ఉంది కాబట్టే ఎవరో వేలు పెట్టారంటున్నాను."

"అర్థమయ్యేలా చెప్పండి."

"ఆ మోటారు చుట్టు తిరగబడిందని మీరే అన్నారు. అలాంటి మోటారుకి బొమ్మ ప్రకారం బిగిస్తే మొదటి సెకనులోనే ఉరకాలి. గోడ మీద ట్రిప్పుల బోర్డు చూడండి. శనివారం సాయంత్రం నించి సోమవారం పన్నెండు వరకు నలభై ఒక్క ట్రిప్పులు. ఒక్కటి కూడా ఉరకలేదు. అంటే సోమవారం పన్నెండు దాకా తీగలు బొమ్మకి విరుద్ధంగా ఉన్నాయి. భోజనాల తర్వాత, నలభై రెండో ట్రిప్పుకి, బొమ్మ ప్రకారం అయిపోయాయి. పన్నెండు నించి పన్నెండున్నర దాకా యోబు డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. రెండింటిదాకా దిగలేదు. నర్సు సంతకం నా దగ్గరుంది."

యుగంధర్ బోర్డు వైపు చూశాడు. తీగల వైపు చూశాడు. అతను మొండివాడే గానీ మొద్దు కాదు. మీసం కొస నమిలాడు.

"సరే, ఎవడో మార్చాడు. ఎందుకు మార్చాడు? అప్పలసూరి చీమకి కూడా అపకారం చెయ్యనివాడు. ఫ్యాక్టరీలో అందరూ వాడి కోసం ఏడుస్తున్నారు. వాణ్ణి చంపాల్సిన అవసరం ఎవడికుంది? అది చెప్పండి, యోబుని ఇప్పుడే వదిలేస్తాను."

రాత్రంతా భార్గవి వెతికిందీ ఆ జవాబు కోసమే. దారులన్నీ తిరిగి తిరిగి ఆ ఒక్క ప్రశ్న దగ్గరే మూసుకుపోతున్నాయి. టైము రెండూ నలభై.

"మూడింటికి బోర్మా లోపల చూస్తాను" అంది కామేశ్‌తో. "రోజూ ఆ వెనక గోడ దగ్గర పని చేసేవాళ్ళని ఒకరిని పంపండి."

"గౌరిని పంపుతాను మేడమ్" అన్నాడు కామేశ్, ఆలోచించకుండానే. ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి నడిచాడు.

అతను దూరమయ్యాక భార్గవి యుగంధర్ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఒక్క మాట అడిగింది. యుగంధర్ పగలబడి నవ్వాడు. "నన్నా? మీరు చెప్తే నేనా?" అంటూ వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల తర్వాత జీపు గేటు దాటిన చప్పుడు వినిపించింది.

*

గౌరి అక్కుపల్లి మనిషి. మొగుడు పోలయ్య సముద్రం మీదికి వెళ్తాడు, ఆమె పలాస ఫ్యాక్టరీకి వస్తుంది. ఎనిమిదేళ్ళు గింజ కొట్టిన చేతులు. జీడి సొన తినేసి వేళ్ళ కొసలు నల్లగా, నున్నగా, గీత అన్నది లేకుండా తయారయ్యాయి.

బోర్మా లోపల చీకటిగా ఉంది. ఆవిరి కట్టేసి రెండు రోజులైనా మాడిన పొట్టు వాసన పోలేదు. గుమ్మం దాటగానే లోపల ట్రాలీ పట్టాల మీద నిలిచి ఉంది. ఇద్దరూ దాన్ని తప్పించుకుని వెనక గోడ దాకా నడిచారు.

"ఇదిగోనమ్మా, ఇక్కడే నిలబడతాను. ట్రాలీ వత్తాది, ట్రేలు దించుకుంటాను" అంది గౌరి. గోడ మీద మరక వైపు చూడకుండా తల తిప్పుకుంది.

భార్గవి తలుపు వైపు చూసింది. లోపలి వైపు పిడి ఉండాల్సిన చోట రెండు బోల్టు కన్నాలు మాత్రమే ఉన్నాయి.

"ఈ పిడి ఏదీ?"

"సంకురేతిరి ముందే ఇరిగిపోనాది. ఎయ్యండి బాబూ అంటే కామేశ్ బాబు ఎయ్యనేదు. పిబ్రవరిలో మాతో పని సేసీ భాను లోపలుండగా సూసుకోకుండా ఆరే గడియ పెట్టీసినారు. ఇరవై నిమిషాలమ్మా, ఆ ఏడిలో. బతికింది గానీ ఇప్పటికీ మాట సరిగ్గా రాదు. బాబు గడియ పెట్టడం నాను సూసినాను. మంగళారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వత్తాడంటే, ఉన్నదున్నట్టు సెప్పేత్తానన్నాను."

"ఎవరితో అన్నావు?"

"ఆరితోనే అన్నాను. దాపరికమేటి నాకు? ఈ సావు గొడవలో ఇన్‌స్పెక్టరు ఇంకా రానేదు."

భార్గవి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. మంగళవారం ఇన్‌స్పెక్టరు. సోమవారం ట్రాలీ. రాత్రంతా తను వేసుకున్న ప్రశ్నే తప్పు! అప్పలసూరిని ఎవరు చంపాలనుకున్నారు అని కాదు అడగాల్సింది. ఆ చోట సోమవారం ఎవరు నిలబడాలి అని అడగాల్సింది.

"గౌరీ, సోమవారం పొద్దున్న ఏడూ యాభై ఎనిమిదికి వేలిముద్రల మిషన్లో నీ హాజరు పడింది. ఆఫీసులో లిస్టు చూశాను, కామేశ్ ఫోనుకి వచ్చేదీ అదే. మరి మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

గౌరి తల దించుకుంది. "నాను రానేదమ్మా. రెండు నెల్లు సేపల ఏట ఆపీసినారు గదా, సోమారం తొలి ఏట. మా బోటు సముద్రం మీదికి ఎల్లిన్నాడు ఇంటి ఆడది ఊరు దాటకూడదు. ఒడ్డున గంగమ్మకి పసుపు నీల్లు పోసి, బోటు తిరిగొచ్చీదాకా ఉండాల. మా ఊళ్ళో అందరం అంతే."

"మరి ఆ థంబు ఎవరిది?"

గౌరి రెండు చేతులూ చాపి చూపించింది. "ఈ ఏళ్ళకి మిషన్లో థంబు పడదమ్మా. గింజ కొట్టినోళ్ళకి ఎవులికీ పడదు. పేరు పడకపోతే కూలి నేదు. సూరన్న జాలిపడి మా పది మందికీ ఆడి పది ఏళ్ళూ మిషన్లో ఎక్కించినాడు. మేస్త్రీ గనక ఆడికి థంబు అక్కర్నేదు. భానుకి బొటనేలు, నాకు ఎడం సిటికినేలు. పొద్దున్నే మమ్మల్ని సూసుకుని వరసగా పది ఏళ్ళూ నొక్కీవోడు. ఆఫీసోళ్ళకి ఈ సంగతి తెల్దు. సోమారం నా పూట కూలి పోకుండా నాదీ నొక్కీమని ముందునాడే బతిమాలినాను. నీ పని నాను సూసుకుంతాలే పిల్లా, నువ్వెల్లి బోటుకి దండమెట్టుకో అన్నాడు."

ఆ మంచి మనిషి చిటికెన వేలు మిషన్ మీద పెట్టినప్పుడే గౌరి పేరు కామేశ్ ఫోనులో వెలిగింది. ఆమె వచ్చిందనుకునే అతను తీగలు మార్చాడు. ఇప్పుడు ఇక్కడికి ఆమెనే ఏరి పంపించాడు. అతని కోసం తనే ఎరగా నిలబడి, ఈ పిల్లని కూడా ఆ ఎరకి కట్టేసింది. భార్గవికి తన మీద తనకే కోపం వచ్చింది.

"గౌరీ, పద. బయటికి..."

తలుపు గరగరమంటూ జరిగింది. వెలుగు గీతలా సన్నబడి, ఆరిపోయింది. బయట గడియ పడింది.

"అమ్మా! ఎవులది? తలుపు తియ్యండి!" గౌరి అరుపు రేకు గోడలకి కొట్టుకుని వాళ్ళ మీదే పడింది. భార్గవి ఫోను తీసింది. సిగ్నలు లేదు. టైము మూడూ పద్దెనిమిది.

పక్క గదిలో ఏదో లోహం లోహంలోకి దిగిన చప్పుడు. ఒకటి. ఇంకొకటి. ఫ్యూజులు.

ఎంత తేలికో ఆమెకి అర్థమైంది. డిటెక్టివే ఫ్యూజులు పెట్టించి పరీక్ష చేసిందని చెప్తాడు. యోబు లాకప్పులో ఉండగానే మోటారు మళ్ళీ ఉరికింది కాబట్టి తప్పు రివైండింగుదేనని తేలిపోతుంది. చూసిన సాక్షి ఉండదు, అడిగే మనిషీ ఉండదు.

"నా వెనక్కి రా. కళ్ళు మూసుకో" అంది భార్గవి. గౌరి ఆమె భుజాలు పట్టుకుని గంగమ్మని పిలుస్తోంది.

స్విచ్చి పడింది. గోడ అవతల మోటారు కుయ్యోమని కేక పెట్టింది. లాగిన కొద్దీ పెరిగే కేక, రేకులు అదిరే కేక. గౌరి కూడా అరిచింది. భార్గవి ట్రాలీ ఉన్న వైపు చీకట్లోకి చూస్తూ ఒకటీ రెండూ లెక్కపెట్టింది. అయిదు దాకా వచ్చింది. పది దాకా వచ్చింది.

ట్రాలీ కదల్లేదు.

"అమ్మా, అది రాదేటి?"

"రాదు. దాని బెల్టు నా సంచిలో ఉంది" అంది భార్గవి. మధ్యాహ్నం యోబు చెప్పిన మొదటి పాఠం అది. కొత్తగా నొక్కేముందు బెల్టు తియ్యాలి. కామేశ్ పుస్తకం కోసం వెళ్ళిన ఆరు నిమిషాల్లో ఆమె అది పాటించింది. కానీ తలుపుకి లోపల పిడి లేదన్న సంగతి అప్పుడామెకి తెలీదు. ట్రాలీ రాలేదని అర్థమైతే బయటివాడు ఊరుకుంటాడా? యుగంధర్ నిజంగానే జీపెక్కి వెళ్ళిపోయి ఉంటే? ఆమె సంచిలో స్క్రూడ్రైవరు తడుముకుని పిడికిలి బిగించింది.

మోటారు కేక ఒక్కసారి ఆగిపోయింది. ఏదో గోడకి గుద్దుకుంది. కుర్చీ పడింది. తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. గౌరి వెక్కిళ్ళు ఒక్కటే వినిపిస్తున్నాయి.

గడియ జరిగింది. వెలుగులో ముందుగా కనిపించింది రెండు గుండీలు ఊడిన ఖాకీ చొక్కా. యుగంధర్ కుడి చేత్తో కామేశ్ మెడ ఒడిసిపట్టుకున్నాడు. ఎడం చేతిలో ప్యానెల్ రూము తాళంచెవి ఉంది.

"స్టోరు గదిలో దాక్కోమన్నారు గానీ అందులో ఎలుకలున్నాయని చెప్పలేదు మేడమ్ గారూ" అన్నాడు రొప్పుతూ. "జీపు ఖాళీగా పంపి వెనక గేటు నించి వచ్చాను. మీ మాట విని కాదు. ఆ ట్రిప్పుల బోర్డు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు." తాళంచెవి జేబులో వేసుకుని ఫోను తీశాడు. "నేనే. యోబుని జీపెక్కించకండి. కాదు, వదిలెయ్యండి. వాళ్ళావిడకి ఫోను చెయ్యండి."

భార్గవి గోడకి జారగిలబడింది. టైము మూడూ ఇరవై ఆరు.

కామేశ్ ఆమెని చూడట్లేదు. ఆమె భుజం వెనక నించి బయటికొచ్చిన గౌరిని చూస్తున్నాడు. వినయం, ఇస్త్రీ మడతలు అన్నీ ఎటో పోయాయి. ఎవరూ ఏమీ అడగకుండానే అరిచాడు.

"సోమవారం లిస్టులో నీ పేరుంది కదే! ఎనిమిదింటికి నేను చూసుకున్నాను! నువ్వు ఉండాలి కదే లోపల!"

యుగంధర్ పట్టు ఒక్క క్షణం సడలి మళ్ళీ బిగుసుకుంది. తను అడిగిన ప్రశ్నకి జవాబు దొరికిందని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

గౌరి ఏడవలేదు. ఎడం చెయ్యి పైకెత్తి, గీతల్లేని తన చిటికెన వేలుని కాసేపు చూసుకుంది.

"సూరన్నని నొక్కమన్నది నానే" అని, ట్రాలీ పట్టాల మీద అలాగే కూర్చుండిపోయింది.